పులిరాజాకు వచ్చిందే అనుకుందాం

2003 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బస్సుల్లో తిరిగినవాళ్లకు "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న హోర్డింగు గుర్తుండే ఉంటుంది. పులిరాజా ఎవరో తెలియక, అది కొత్త సినిమా పేరేమో అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. మా తరగతిలో రాజా అనే పిల్లవాడికి ఆ ఏడాది ఎలా గడిచిందో వేరే చెప్పనక్కర్లేదు. ప్రచారంగా చూస్తే అది చిన్న పనేమీ కాదు. కండోమ్ అనే మాటను నలుగురి నోటా నానేట్టు చేసింది. అయితే ఆ ప్రశ్న వస్తుందా, రాదా అన్న దగ్గరే ఆగిపోయింది. వచ్చిందే అనుకుందాం. మర్నాడు పొద్దున్నే పులిరాజా ఎక్కడికి వెళ్లాలి, ఇంట్లో ఏం చెప్పి వెళ్లాలి, అలా ఎన్నేళ్లు వెళ్లగలడు అన్న సంగతి ఏ హోర్డింగు మీదా రాయలేదు.

నాకు ఆ సంగతి మా పిన్ని వల్ల తెలిసింది. బాబాయి కలకత్తా లైను మీద లారీ నడిపేవాడు. 2006లో ఆయన పోయాక పిన్నికి పరీక్ష చేస్తే హెచ్‌ఐవీ పాజిటివ్ అని తేలింది. తన పేరు, ఊరి పేరు ఎక్కడా రాకూడదన్న షరతు మీద ఆవిడ ఇదంతా రాయడానికి ఒప్పుకుంది కాబట్టి, గోదావరి పక్కన ఒక ఊరని మాత్రమే చెబుతాను. దేశంలో దాదాపు 25 లక్షల మంది హెచ్‌ఐవీతో బతుకుతున్నారని ప్రభుత్వ అంచనాలు చెబుతున్నాయి. వారిలో మూడు లక్షల మందికి పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు. కాబట్టి మా పిన్ని కథ మా ఇంటికి మాత్రమే సంబంధించిన వింత కాదు. ఇది చదువుతున్నవాళ్లలో కొందరి ఇళ్లలో, వాళ్లకు తెలియకుండానే, ఇలాంటి పిన్నో బావో ఉండే ఉంటారు.

హెచ్‌ఐవీ వైద్యం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా మందుల దగ్గర మొదలుపెడతారు. అది సహజమే. 2001లో సిప్లా కంపెనీ మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ముందుకొచ్చేదాకా అది మన బోటివాళ్లకు అందే వస్తువే కాదు. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈనాడు ఆఫ్రికా దేశాలు వాడే హెచ్‌ఐవీ మందుల్లో పెద్ద వాటా హెటెరో, అరబిందో, లారస్ వంటి హైదరాబాదు కంపెనీల నుంచే వెళుతోంది. మందు మన పెరట్లోనే తయారవుతోంది, ఉచితంగా దొరుకుతోంది. అయినా మందులు మొదలుపెట్టి మధ్యలో కనిపించకుండా పోయేవాళ్లు ఉన్నారు. ఎందుకు పోతున్నారంటే అవగాహన లేకపోవడం, నిర్లక్ష్యం, పేదరికం, దూరం అన్న జవాబులు వస్తాయి. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ పదిహేనేళ్లకు పైగా పిన్నిని చూశాక నాకు వీటన్నిటి వెనకా ఒకటే కనిపిస్తోంది: సంజాయిషీ. మందు తెచ్చుకోవడానికి ఆవిడ ప్రతిసారీ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెప్పుకోవాలి. ఆ చెప్పుకోవలసిన మాటల సంఖ్యను తగ్గించిన ప్రతి ఏర్పాటూ ఆవిడను వైద్యంలో నిలబెట్టింది, పెంచిన ప్రతి ఏర్పాటూ ఆవిడను బయటికి నెట్టింది.

నెలకోసారి ఏఆర్‌టీ సెంటరుకు, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రానికి, వెళ్లే రోజుల్లో పిన్ని ఊళ్లో చెప్పే కారణం "కంటి డాక్టరు దగ్గరికి" అన్నది. నిజంగానే కళ్లజోడు ఉంది కాబట్టి అది చెల్లుబాటయ్యేది. 2013లో అనుకుంటాను, ఒకరోజు తెల్లవారుజామున చేతిసంచి పట్టుకుని బయల్దేరుతుంటే ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి, "ఉండు వదినా, నాక్కూడా ఈమధ్య మసకలు కమ్ముతున్నాయి, నేనూ వస్తాను" అంది. కాదనడానికి ఏ కారణం చెప్పినా అనుమానమే. ఇద్దరూ కలిసి బస్సెక్కారు, కంటి ఆసుపత్రికే వెళ్లారు, ఎదురింటావిడకు చుక్కలు వేసి కూర్చోబెట్టారు, పిన్ని మళ్లీ పరీక్ష చేయించుకుని అక్కర్లేని కొత్త అద్దాలకు డబ్బు కట్టి సాయంత్రానికి ఇల్లు చేరింది. సంచిలో గ్రీన్ బుక్, అంటే ఆవిడ వైద్యం వివరాలు రాసే సెంటరు పుస్తకం, అలాగే ఉంది. డబ్బాలో ఆ రాత్రికి ఒక్క మాత్ర మాత్రమే మిగిలింది. వెంటనే మర్నాడు మళ్లీ కంటి డాక్టరంటే కుదరదు గనుక మూడో రోజు ఇంకో సాకు దొరికాక వెళ్లింది. అక్కడ కిటికీ దగ్గర మాత్రలు లెక్కపెట్టి, లోపలికి పంపించి, "మందు మానేస్తే ఏమవుతుందో నీకు ఎన్నిసార్లు చెప్పాలమ్మా?" అని గట్టిగా మందలించారు. ఏమవుతుందో ఆవిడకు బాగా తెలుసు. మందు ఆగితే వైరస్ ఆ మందుకు అలవాటు పడి లొంగకుండా పోతుందని నాకు మొదట చెప్పింది ఆవిడే. ఆ రోజు రిజిస్టరులో ఆవిడ పేరుకెదురుగా పడిన గుర్తును చూసినవాళ్లెవరైనా దాన్ని నిర్లక్ష్యం అనే అనుకుని ఉంటారు.

అసలు మందులు మొదలు కావడమే మూడేళ్లు ఆలస్యమైంది. 2006లో పరీక్ష చేసినప్పుడు, రోగనిరోధక శక్తికి కొలమానమైన సీడీ4 కణాల సంఖ్య మూడు వందల చిల్లర ఉంది. ఆనాటి నియమం ప్రకారం అది 200 కంటే తగ్గితే గాని మందులు ఇచ్చేవారు కాదు. "ఇప్పటికి బాగానే ఉన్నారు, ఆరు నెలలకోసారి వచ్చి పరీక్ష చేయించుకోండి" అన్నారు. చేతిలో మాత్ర లేకుండా, ఒంట్లో నలత లేకుండా, ఆరు నెలలకోసారి అంత దూరం ఎందుకు వెళుతున్నట్టో ఆవిడ ఎవరికి చెప్పగలదు? ఒకసారి వెళ్లి మానేసింది. 2009లో క్షయ పట్టి, మంచానికి అంటుకుపోయాక మేము మోసుకెళితే సీడీ4 తొంభై దగ్గర ఉంది. ఎంతకు తగ్గితే మందివ్వాలన్న ఆ హద్దును తర్వాత మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయి, 2017లో పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు పాజిటివ్ అని తేలితే సీడీ4తో నిమిత్తం లేకుండా మందులు మొదలుపెడతారు. వైద్యపరంగా దీనికి చాలా కారణాలు చెప్పారు, అవన్నీ సరైనవే. నేను చెప్పేది ఇంకొకటి: జబ్బు ఉందని చెప్పి ఉత్త చేతులతో ఇంటికి పంపడం కంటే మనిషిని దూరం చేసే పద్ధతి లేదు.

మందే మనిషిని పట్టించిన రోజులు కూడా ఉన్నాయి. మొదట్లో ఇచ్చిన మందుల్లో స్టావుడిన్ అనేది ఒకటి ఉండేది. ప్రాణాలు నిలబెట్టింది, అందులో సందేహం లేదు. కానీ కొంతకాలం వాడాక బుగ్గల్లో కొవ్వు కరిగి ముఖం లోపలికి పీక్కుపోయేది, కాళ్లూ చేతులూ పుల్లల్లా అయ్యేవి, అరికాళ్లు మంటలు పుట్టేవి. జ్వరం తగ్గి, బరువు పెరిగి, పొలం పనికి వెళుతున్న మనిషి ముఖం మాత్రం జబ్బుపడిన ముఖంలా ఉండేది. ఊళ్లలో ఆ బుగ్గలను చూసి గుర్తుపట్టేవారు. పొద్దునా రాత్రీ రెండు పూటలూ మింగాలి కాబట్టి చుట్టం ఇంట్లో నిద్ర చేయాలన్నా భయమే. ఆ మందును ఆ తర్వాత తీసేశారు. దాంతోపాటు ఇచ్చిన ఇఫావిరెంజ్‌తో పిన్నికి చాలాకాలం పిచ్చి కలలు వచ్చేవి, తెల్లవారి లేస్తే తల తిరిగేది. ఇప్పుడు మూడు మందులూ కలిపిన ఒక్క మాత్ర, రోజుకు ఒక్కసారి. పిన్ని టీవీలో వార్తలు మొదలయ్యే వేళకు వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లతో మింగి వస్తుంది. నెల మాత్రలు ఉండే ఆ తెల్ల ప్లాస్టిక్ డబ్బా కదిలిస్తే గలగలమంటుంది. బస్సు గతుకుల్లో ఆ చప్పుడు పక్కవాళ్లకు వినపడుతుందని సెంటరు బయటే మూత తీసి ఇంత దూది కుక్కుతుంది, పైనున్న కాగితాన్ని గోటితో గీకి పారేస్తుంది.

దగ్గర, దూరం అన్న మాటలను కూడా ఇక్కడ మళ్లీ తూకం వేయాలి. రోగులకు దూరాభారం తగ్గించడానికి పెద్ద సెంటర్లకు అనుబంధంగా లింక్ ఏఆర్‌టీ సెంటర్లు పెట్టారు. మందులు కుదురుకున్నవాళ్లు ఇంటికి దగ్గరలోని ఆసుపత్రిలోనే తీసుకోవచ్చు. ఎంతోమందికి ఇది వరమైంది. కానీ మా పిన్ని దగ్గరి సెంటరు వదిలేసి దానికి రెట్టింపు దూరంలో ఉన్న సెంటరుకే వెళుతుంది, ఎందుకంటే దగ్గరి ఆసుపత్రిలో మా వీధి మనిషి ఒకావిడ పనిచేస్తుంది. ఆవిడ చెడ్డదేం కాదు, పైగా ఎవరికీ చెప్పకపోవచ్చు. అయినా రోజూ ఎదురుపడే మనిషి కళ్లలో "నాకు తెలుసు" అన్న చూపును పిన్ని భరించదలచుకోలేదు. అధికారులు పటం మీద కిలోమీటర్లు కొలుస్తారు, ఆవిడ తెలిసిన ముఖాలను లెక్కపెట్టుకుంటుంది. కాబట్టి సెంటరు దగ్గర్లో ఉండడం ఎంత అవసరమో, దూరపు సెంటరును ఎంచుకునే వీలూ అంతే అవసరం. "మీ ఊరికి ఫలానా సెంటరు దగ్గర కదా, ఇక్కడికెందుకు వస్తున్నారు?" అని అడిగితే, ఆ ప్రశ్నే ఇంకో సంజాయిషీ.

దూరం ఖర్చుతో కూడినది. ఆ ఖర్చు గురించి ఎవరూ పట్టించుకోని ఒక కోణం ఉంది. పిన్ని తన కొడుకు మీద ఆధారపడిన మనిషి. బస్సు ఛార్జీ కావాలంటే కోడలి ముందు చెయ్యి చాపాల్సి వచ్చేది, ఎందుకో చెప్పాల్సి వచ్చేది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు; తెలంగాణలో 2023 డిసెంబరు నుంచే ఉంది. ఈ పథకాల వల్ల ఆర్టీసీ గతి ఏమవుతుందని నా స్నేహితులు వాదిస్తూ ఉంటారు, ఆ లెక్కలు నేను కాదనను. వాటిని పెట్టినవాళ్ల మనసులో హెచ్‌ఐవీ రోగులు ఉన్నారనీ అనుకోను. కానీ మా ఇంటికి సంబంధించినంతవరకు, ఈ ఇరవై ఏళ్లలో హెచ్‌ఐవీ పేరు చెప్పకుండా హెచ్‌ఐవీ రోగికి జరిగిన అతి పెద్ద మేలు అదే. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు.

పింఛను సంగతి దీనికి పూర్తిగా తిరగబడిన కథ. ఏఆర్‌టీ మందులు వాడుతున్నవాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. తెలంగాణలో ఆసరా పథకం కింద 2,016 రూపాయలు ఇస్తున్నారు. ఉద్దేశం గొప్పది, కూలికి వెళ్లలేని మనిషికి అది తిండిగింజలు కొనిపెట్టే డబ్బు. అయితే పిన్ని దానికి దరఖాస్తు పెట్టలేదు, వితంతు పింఛను తీసుకుంటోంది. రెండూ 4,000 రూపాయలే. "మొగుడు పోయిన పింఛనైతే ఎవరూ ఎందుకని అడగరు నాన్నా" అంది నాతో. ఒంటరి మగవాడికో, పెళ్లికాని కుర్రవాడికో ఈ వీలు లేదు. వాళ్లు ఆ పేరుతోనే తీసుకోవాలి, లేదా వదులుకోవాలి. ఈ సాయాన్ని ఏ పేరుతో, ఎవరి చేతుల మీదుగా, ఏ జాబితాలో పెట్టి అందించాలన్నది డబ్బు ఎంతన్నదానికి ఏమాత్రం తీసిపోని ప్రశ్న. పంచాయతీ స్థాయిలో ఎవరి కంటా పడని పద్ధతిలో, నేరుగా బ్యాంకులో జమయ్యేలా, పాసుపుస్తకంలో రోగం పేరు లేకుండా ఇవ్వడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు.

ఇవన్నీ ఏర్పాట్లు. మనుషుల మాట వేరు. సెంటర్లలోని కౌన్సెలర్లు చాలావరకు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. ఒకరు కుదురుకుని, పేరు పెట్టి పలకరించే చనువు వచ్చేసరికి మంచి ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతారు. వాళ్లను తప్పు పట్టలేం. కొత్తగా వచ్చినవాళ్ల ముందు పిన్ని బాబాయి చావు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఆవిడ నోట ఆ కథను నేనే నాలుగుసార్లు విన్నాను, ప్రతిసారీ కాస్త కురచవుతూ వచ్చింది. కౌన్సెలరు ఉద్యోగాన్ని స్థిరపరచడాన్ని మనం సిబ్బంది సమస్యగా చూస్తాం గాని, అది నేరుగా వైద్యం సమస్య. దీనికి భిన్నంగా, పాజిటివ్‌గా ఉన్నవాళ్లే తోటివాళ్ల కోసం పనిచేసే పద్ధతి ఒకటి ఉంది. పిన్ని మందులు మానేసిందనుకుని ఆరా తీసిన అవుట్‌రీచ్ వర్కరు అలాంటి మనిషే. ఇంటికి రాలేదు, ఫోను చేసి, ఎత్తింది కోడలని తెలిసి, "మీ అత్తగారిని రేపు డ్వాక్రా మీటింగుకు రమ్మన్నామని చెప్పండమ్మా" అంది. ఆ తెలివి ఏ శిక్షణలో నేర్పుతారో నాకు తెలియదు. తానూ అలాంటి సాకులు వెతుక్కున్న మనిషి కాబట్టి తట్టింది. జాతీయ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేసి పేరు చెప్పకుండా మాట్లాడవచ్చు, అదీ మంచి ఏర్పాటే. కానీ తన పేరు తెలిసి కూడా దాన్ని దాచగలిగిన మనిషి దొరకడం వేరు.

సెంటరు గుమ్మం దాటాక పరిస్థితి మారుతుంది. 2019లో పిన్నికి పిత్తాశయంలో రాళ్లని తేలితే ఒక పట్టణంలోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆపరేషనుకు ముందు చేసే రక్తపరీక్షల్లో, మాకు ఒక్క మాటైనా చెప్పకుండా, హెచ్‌ఐవీ పరీక్ష కూడా కలిపేశారు. మధ్యాహ్నానికి మంచం కాళ్ల దగ్గర వేలాడే ఫైలు మీద గుండ్రటి ఎర్ర స్టిక్కరు ఒకటి వచ్చింది. పక్క మంచం మనిషి తాలూకు కుర్రవాడు "మాకెందుకు అంటించలేదు సిస్టర్, అదేమిటి?" అని నర్సును అడిగాడు. ఆవిడ జవాబు చెప్పకుండా పిన్ని వైపు చూసింది, అంతే చాలింది. సాయంత్రం డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "మా దగ్గర దానికి తగిన సౌకర్యాలు లేవండీ" అన్నారు. ఆ సౌకర్యాలంటే గ్లవ్స్, పరికరాలను వేడి ఆవిరితో శుద్ధి చేయడం, సూదులను సరిగ్గా పారేయడం. అవి ప్రతి రోగి విషయంలోనూ పాటించవలసినవే. పాటించడం లేదంటే ఆ ఆసుపత్రిలో భయపడవలసింది మిగతా రోగులు.

అప్పటికి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం అమల్లోకి వచ్చి దాదాపు ఏడాది. 2017లో చేసిన ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలవుతోంది. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదని, జబ్బు కారణంగా వైద్యం నిరాకరించకూడదని, ఆ వివరం బయటపెట్టకూడదని అందులో ఉంది. ఇరవై మంది అంతకు మించి ఉన్న వైద్య సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి, రాష్ట్రానికి ఫిర్యాదులు విచారించే ఒక అంబుడ్స్‌మన్ ఉండాలి. కోర్టు దాకా వెళితే మారుపేరుతో కేసు నడిపే వీలు కూడా కల్పించారు. నేను ఇవన్నీ ప్రింటు తీసుకుని వెళ్లి ఫిర్యాదు పెడదామన్నాను. పిన్ని కాగితాలు చేతిలోకి తీసుకుని, మడిచి, నాకే తిరిగి ఇచ్చింది. "మారుపేరు కోర్టులో కదా. కోర్టు దాకా వెళ్లేలోపు ఎంతమందికి నా పేరు చెప్పాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రెండు నెలలు నొప్పి భరించి చివరికి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషను చేయించుకుంది. చట్టం మంచిదే. ఫిర్యాదు చేసేవాళ్ల మీదే బరువంతా పెట్టకుండా, ఆసుపత్రులను అధికారులే తనిఖీ చేసి ఫైళ్ల మీద స్టిక్కర్లున్నాయేమో చూసే రోజు వస్తే తప్ప అది మా పిన్ని దాకా రాదు.

ఇక్కడ నాకు ఎదురయ్యే వాదన ఒకటుంది, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఇలా దాచుకుంటూ పోతే సిగ్గు ఎప్పటికి పోతుంది? బయటికి వచ్చి చెప్పుకున్నవాళ్ల వల్లే కదా మందులు ఉచితమయ్యాయి, చట్టం వచ్చింది? నిజం. 2022 జులైలో మందుల కొరత వచ్చినప్పుడు ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం ముందు నెల రోజులకు పైగా కూర్చున్నది పాజిటివ్‌గా ఉన్నవాళ్లే, కెమెరాల ముందు ముఖాలు చూపించే కూర్చున్నారు. ఆ ధైర్యానికి నేను నమస్కరిస్తాను. అయితే వాళ్లు కూర్చున్నది మందుల కోసం. ప్రతి ఒక్కరూ తమలాగే బయటపడాలని వాళ్లు షరతు పెట్టలేదు. బీపీ మాత్ర మింగేవాళ్లను సమాజాన్ని సంస్కరించమని మనం అడగం. పైగా మందులు క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గినవాళ్ల నుంచి లైంగికంగా ఇతరులకు సోకదని శాస్త్రం స్పష్టంగా తేల్చింది. అంటే క్రమంగా మందులు వాడే మనిషి మౌనంగా ఉన్నా ఎవరికీ అపకారం చేయడం లేదు. మౌనానికి అవకాశమిస్తే మందులు నిలుస్తాయి, మందులు నిలిస్తే జబ్బు వ్యాపించదు. బయటపడడం గొప్ప పనే గాని, దాన్ని వైద్యానికి ప్రవేశ రుసుముగా పెట్టకూడదు.

ఆలోచించవలసినవాళ్లు ఇంకా ఉన్నారు. గల్ఫ్ దేశాలకు వెళ్లేవాళ్లకు వైద్య పరీక్షలో హెచ్‌ఐవీ తేలితే వీసా రాదు, అక్కడ ఉండగా తేలితే తిప్పి పంపేస్తారు. అలా ఉన్నట్టుండి ఊరికి తిరిగొచ్చిన మగవాడు "ఎందుకొచ్చేశావు?" అన్న ప్రశ్నకే జవాబు చెప్పుకోలేక మళ్లీ ఏ బొంబాయికో వెళ్లిపోతాడు, ఏ సెంటరుకూ చేరడు. వాళ్ల గురించి నాకంటే బాగా రాయగలిగినవాళ్లు రాయాలి.

కరోనా లాక్‌డౌన్ పిన్నికి ఒక మేలు చేసింది. బస్సులు లేవు గనుక ఒకేసారి ఎక్కువ నెలల మందులు చేతికిచ్చారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు కుదురుగా వాడుతున్నవాళ్లకు మూడు నెలల మందులు ఇస్తున్నారు. ఏడాదికి పన్నెండుసార్లు చెప్పుకోవలసిన సాకు నాలుగుసార్లకు వచ్చింది. ఆరు నెలలకు సరిపడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

ఇదంతా రాశాక మొన్న పండక్కి వెళ్లినప్పుడు పిన్నికి చదివి వినిపించాను. మంచం మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటూ విన్నది. ఎదురింటావిడ మాట వచ్చినచోట నవ్వింది. ఆపరేషను మాట వచ్చినచోట లేచి వెళ్లి పొయ్యి మీద పాలు చూసి వచ్చింది. అంతా అయ్యాక, "కొత్త అద్దాలకు ఎంతయిందో రాయలేదేం?" అని అడిగింది. తర్వాత కాసేపు ఆగి, "ఆ ఆరు నెలల ముక్క ఇంకొంచెం గట్టిగా రాయి. ఏడాదికి రెండుసార్లంటే, పెళ్లికొకసారి, పుష్కరాలకొకసారి అని చెప్పి వెళ్లొచ్చేస్తాను. కళ్లు ఎన్నిసార్లని చూపించుకుంటాం" అంది.